ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పగులు, గ్యాస్కెట్ లీకు: పాత బండ్ల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజన్ దగ్గర టిక్ టిక్‌మని చప్పుడు. నాలుగైదు కిలోమీటర్లు నడిచేసరికి మాయం. మెకానిక్ దగ్గరికి చేరేసరికి ఇంజన్ వేడెక్కి ఉంటుంది కాబట్టి ఆయనకు ఏమీ వినిపించదు. "ట్యాపెట్లు (వాల్వులను తెరిచే భాగాలు) అయ్యుంటాయి" అంటాడు. అది ఎగ్జాస్ట్ లీకు చప్పుడు కావచ్చని ఎవరికీ తట్టదు. అక్కడి నుంచి మొదలవుతుంది అనవసరపు ఖర్చు. పాత బండిలో మానిఫోల్డ్ (సిలిండర్ల నుంచి వచ్చే పొగను ఒకచోట కలిపి సైలెన్సర్ వైపు పంపే గొట్టాల ముక్క) విప్పడమంటే, దాన్ని ఇంజన్‌కు పట్టి ఉంచే స్టడ్లు (తలలేని బోల్టులు) విరిగే ప్రమాదాన్ని నెత్తికెత్తుకోవడమే. అందుకే స్పానర్ పట్టుకునే ముందే లీకు ఎక్కడుందో తేల్చుకోవాలి. అది తేలేది చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు నిమిషాల్లోనే. కింద ఉన్న జవాబులన్నీ ఆ నిమిషాలను ఎలా వాడుకోవాలన్న దాని చుట్టూనే తిరుగుతాయి.

మానిఫోల్డ్ పోత ఇనుముది కదా, ఎందుకు పగులుతుంది?

పోత ఇనుము వేడిని బాగా తట్టుకుంటుంది కానీ దానికి సాగే గుణం తక్కువ. పెట్రోల్ ఇంజన్ గట్టిగా లాగుతున్నప్పుడు మానిఫోల్డ్‌లోంచి పోయే వాయువు 800, 900 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. డీజిల్‌లో కొంత తక్కువ. పక్కనే ఉన్న సిలిండర్ హెడ్‌ను మాత్రం కూలెంట్ 90, 100 డిగ్రీల దగ్గరే ఆపుతుంది. అర మీటరు పొడవున్న ఇనుప మానిఫోల్డ్ 550 డిగ్రీలు వేడెక్కితే సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. దాన్ని బిగించి పెట్టిన హెడ్ అంతే పొడవులో ఒక మిల్లీమీటరు కూడా పెరగదు. అంటే మానిఫోల్డ్ రెండు చివర్లూ చెరో మిల్లీమీటరు పైన బయటికి జరగాలి. చివరి బోల్టు రంధ్రాలు కాస్త పెద్దవిగానో కోలగానో ఉండేది ఇందుకే.

బండి పాతబడ్డాక తుప్పూ మసీ పేరుకుని ఈ జరుగుడు ఆగిపోతుంది. వేడి మీద పెరగడానికి చోటు దొరకని ఇనుము తనలో తానే అణిగిపోతుంది. చల్లారాక ముడుచుకుంటే అసలు కొలత కంటే పొట్టిగా తేలుతుంది. వందలసార్లు ఇదే జరిగితే చివరి స్టడ్లు వంగి తెగిపోతాయి. స్టడ్లు గట్టిగా నిలబడితే రెండు పోర్టుల (సిలిండర్ల నుంచి పొగ వచ్చే దారుల) మధ్య సన్నటి చోట మానిఫోల్డే పగులుతుంది. ఆరు సిలిండర్ల పొడవాటి లారీ ఇంజన్లలో మానిఫోల్డ్‌ను రెండు మూడు ముక్కలుగా చేసి, ఒకదానిలో ఒకటి జారేలా అమర్చడానికి కారణం ఇదే.

స్టీలు పైపులు వెల్డ్ చేసి తయారుచేసిన మానిఫోల్డ్‌లో పగులు సాధారణంగా వెల్డింగ్ అంచు వెంబడే వస్తుంది. అక్కడ ముందు చూడండి.

చల్లగా ఉన్నప్పుడు వచ్చే చప్పుడు వేడెక్కాక ఎందుకు పోతుంది?

ఇనుము పెరిగి పగులు అంచులు దగ్గరపడతాయి. గ్యాస్కెట్ (మానిఫోల్డ్‌కూ హెడ్‌కూ మధ్య సందు మూసే పలచని పొర) లీకయితే మానిఫోల్డ్ ఫ్లాంజి (హెడ్‌కు ఆనే చదునైన అంచు) పెరిగి హెడ్‌కు ఒత్తుకుంటుంది. చప్పుడు పోయింది కాబట్టి లీకు పోయిందని అనుకోకండి, అది చిన్నదయింది అంతే. అన్ని పగుళ్లూ ఇలా మూసుకోవు కూడా. కొన్ని వేడెక్కేకొద్దీ తెరుచుకుంటాయి. చప్పుడు వేడి మీద పెరుగుతోందంటే పగులు పెద్దదనో, స్టడ్డు తెగి ఫ్లాంజి లేచిందనో అనుమానించాలి.

ట్యాపెట్ చప్పుడుకీ దీనికీ తేడా ఎలా కనిపెట్టాలి?

అందరూ తడబడేది ఇక్కడే. నేనూ తడబడ్డాను. నా పాత పెట్రోల్ కారుకు రెండుసార్లు ట్యాపెట్లు సెట్ చేయించాను. రెండుసార్లూ వారం పాటు "తగ్గినట్టే ఉంది" అనిపించింది. మూడోసారి పట్టుకెళ్లే ముందు హీట్ షీల్డ్ రేకు విప్పి టార్చి వేసి చూస్తే, మూడో సిలిండర్ ఫ్లాంజి కింద వేలెడు పొడవున నల్లటి గీత, కళ్లకు కాటుక దిద్దినట్టు కనిపించింది. ట్యాపెట్ల తప్పేమీ లేదు. రేకు విప్పడానికి పట్టింది మూడు బోల్టులూ పది నిమిషాలూ.

చప్పుడు లయను బట్టి తేల్చడం కుదరదు. వాల్వు అయినా, ఒక సిలిండర్ ఎగ్జాస్ట్ అయినా క్రాంక్ రెండు చుట్లకు ఒకసారే పలుకుతుంది. 800 ఆర్‌పీఎం ఐడిలింగ్‌లో రెండూ సెకనుకు ఆరేడుసార్లు వినిపిస్తాయి. తేడా తెలిసేది లోడు మీద. బండి నిలబెట్టి ఎక్సలేటర్ ఒక్కసారి టక్కున తొక్కండి. లీకయితే ఆ క్షణంలో చప్పుడు పదునెక్కుతుంది, టపటపమని గాలి కొట్టినట్టు ఉంటుంది. ట్యాపెట్ చప్పుడు వేగంతో పాటు వేగవంతమవుతుంది కానీ లోడుకు పెద్దగా మారదు. ఎత్తు ఎక్కుతున్నప్పుడు, గోడ పక్కగా అద్దం దించుకుని వెళ్తున్నప్పుడు చెవి పెట్టండి. లీకు చప్పుడు గోడకు తగిలి తిరిగొస్తుంది.

ఇంకా గట్టి పరీక్ష కావాలంటే ఒక్కో సిలిండర్‌ను కాసేపు ఆపి వినాలి. పెట్రోల్ ఇంజెక్షన్ బండిలో ఇంజన్ ఆపి, ఒక సిలిండర్ ఇంజెక్టర్ (పెట్రోల్ చిమ్మే భాగం) కనెక్టర్ తీసి, మళ్లీ స్టార్ట్ చేసి వినండి. ఆ సిలిండర్‌లో మంట లేకపోతే లీకు చప్పుడు చాలావరకు పడిపోతుంది. ట్యాపెట్ మాత్రం కొడుతూనే ఉంటుంది, ఎందుకంటే వాల్వు తెరుచుకోవడానికి మంటతో పనిలేదు. ప్లగ్ వైరు పీకి చేసే పాత పద్ధతి కంటే ఇది మేలు. నడుస్తున్న ఇంజన్‌లో వైరు పీకితే షాక్ కొట్టొచ్చు, కాయిల్ పోవచ్చు, కాలని పెట్రోల్, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని మాడ్చేయొచ్చు.

బానెట్ ఎత్తి కళ్లతో ఏం చూడాలి?

మసి. లీకు తన అడ్రస్ తానే రాసిపెడుతుంది. ఫ్లాంజి, హెడ్ కలిసే గీత వెంబడి నల్లగా, మెత్తగా, వేలికి అంటుకునే పొడి ఉంటే అక్కడినుంచే పోతోంది. మసి విసనకర్రలా ఒక చోట నుంచి విప్పారి ఉంటే, అది మొదలైన బిందువే లీకు. ఎక్కువకాలం లీకయిన గ్యాస్కెట్ దగ్గర కొన్నిసార్లు నలుపు బదులు తెల్లటి బూడిద రంగు మచ్చ ఉంటుంది. అక్కడ వేడికి మసి కూడా కాలిపోయిందన్నమాట.

అద్దం ముక్క ఒకటి, చిన్న టార్చి ఒకటి దగ్గర పెట్టుకోండి. మానిఫోల్డ్ కింది భాగం, రెండు పైపులు కలిసే సంధి, ఓటూ సెన్సర్ (పొగలో ఆక్సిజన్‌ను పసిగట్టేది) బిగించిన చోటు, ముందు పైపు ఫ్లాంజి చూడాలి. నట్లను కూడా లెక్కపెట్టండి. మాన్యువల్‌లో పది ఉండాలని ఉంటే పది కనిపించాలి. చివర్లో ఒకటి తగ్గితే స్టడ్డు ఎప్పుడో తెగి రాలిపోయి ఉంటుంది. చాలా పాత బండ్లలో అసలు సంగతి ఆ ఖాళీ రంధ్రమే.

ఒక హెచ్చరిక. వాల్వు కవర్ నుంచి కారిన ఆయిలు మానిఫోల్డ్ మీద కాలి నల్లబడితే అచ్చం మసిలాగే కనిపిస్తుంది. ఆయిలు మరక జిగటగా, పైనుంచి కిందికి జారినట్టు ఉంటుంది. లీకు మసి పొడిగా, కొట్టినట్టు ఉంటుంది.

విప్పకుండా ఇంట్లోనే పరీక్షించే మార్గం ఉందా?

ఉంది, మంచిది ఉంది. గాలి వెనక్కి ఊదే వసతి ఉన్న వాక్యూమ్ క్లీనర్, సబ్బునీళ్ల స్ప్రే చాలు. ఇంజన్ పూర్తిగా చల్లగా, ఆపి ఉండాలి. క్లీనర్ గొట్టాన్ని సైలెన్సర్ చివర పెట్టి, చుట్టూ గుడ్డ కుక్కి, గాలి ఊదనివ్వండి. ఎగ్జాస్ట్ మొత్తం కొద్దిపాటి ఒత్తిడితో నిండుతుంది. ఇప్పుడు ఫ్లాంజిల మీద, అనుమానం ఉన్న చోట్ల సబ్బునీళ్లు కొట్టండి. గ్యాస్కెట్ లీకయితే అంచు వెంబడి నురగ లేస్తుంది. సన్నటి పగులయితే ఆవగింజంత బుడగలు ఒక వరసలో పైకొస్తాయి, వాటిని కలుపుతూ పోతే పగులు గీతే కనిపిస్తుంది. ఏదో ఒక ఎగ్జాస్ట్ వాల్వు తెరిచే ఉంటుంది కాబట్టి గాలి కొంత ఇంజన్‌లోకి పోవచ్చు, దానికి కంగారు పడనక్కర్లేదు. సైలెన్సర్‌కు నీళ్లు కారడం కోసం తయారీలోనే పెట్టిన చిన్న రంధ్రం ఉంటుంది, అక్కడ వచ్చే గాలిని లీకనుకోకండి.

వినడానికి మీటరు పొడవు రబ్బరు గొట్టం వాడండి. ఒక కొన చెవి దగ్గర, రెండో కొన ఫ్లాంజి చుట్టూ మెల్లగా తిప్పుతూ వెళ్తే లీకు దగ్గర చప్పుడు ఒక్కసారిగా దగ్గరికొచ్చినట్టు వినిపిస్తుంది. చెవిలో దూర్చి పెట్టకండి, వేడి వాయువు నేరుగా వస్తుంది. ఫ్యాను, బెల్టు ఉన్న వైపు గొట్టాన్ని పోనివ్వకండి. వదులు చేతుల చొక్కా వేసుకుని ఈ పని చేయొద్దు.

స్టార్ట్ చేసిన వెంటనే, ఇంకెవరినైనా సైలెన్సర్ చివర మందపాటి తడి గుడ్డను రెండు క్షణాలు అడ్డం పెట్టమనండి. పూర్తిగా మూయకూడదు. లోపల ఒత్తిడి పెరిగి లీకు చప్పుడు పెద్దదవుతుంది, చూసేవాళ్లకు చోటు దొరుకుతుంది. ఇంజన్ నడిపే పరీక్ష ఏదైనా ఆరుబయటే. షెడ్డు తలుపు తీసి ఉంచినంత మాత్రాన సరిపోదు.

వర్క్‌షాపులో స్మోక్ మెషీన్ ఉంటే పై తిప్పలన్నీ తప్పుతాయి. అది తక్కువ ఒత్తిడితో పొగను లోపలికి పంపిస్తుంది, పొగ బయటికొచ్చిన చోటే లీకు. చల్లటి ఇంజన్ మీద చేయమని మాత్రం గట్టిగా చెప్పండి. వేడి ఇంజన్‌తో తీసుకెళ్తే పగులు మూసుకుని ఉండి, "ఏమీ లేదు" అని పంపించేస్తారు. ముందు రోజు రాత్రే బండి అక్కడ వదిలిరావడం మంచిది.

లీకు ఉందని తేలింది. అది పగులా, గ్యాస్కెట్టా?

మసి కచ్చితంగా ఫ్లాంజి గీత మీదే ఉంటే గ్యాస్కెట్టు, తెగిన స్టడ్డు, లేదా వంగిన ఫ్లాంజి. మసి పైపు ఒంటి మీదో, రెండు పైపుల మధ్య సందులోనో, టర్బో (ఇంజన్‌లోకి అదనంగా గాలి నెట్టే భాగం) ఫ్లాంజి మెడ దగ్గరో ఉంటే పగులు. రెండూ కలిసి ఉండడం పాత బండ్లలో మామూలే. గ్యాస్కెట్టు ఒక్కటే తెచ్చుకుని పని మొదలుపెడితే, విప్పాక పగులు బయటపడి బండి రోజుల తరబడి అక్కడే కూర్చుంటుంది. మానిఫోల్డ్ దొరుకుతుందో లేదో ముందే విచారించి పెట్టుకోండి.

చెక్ ఇంజన్ లైటు వచ్చింది, మైలేజ్ తగ్గింది. దీనికీ లీకుకీ సంబంధం ఉందా?

ఉండొచ్చు. ఎగ్జాస్ట్ వాయువు ఒకే ధారగా పోదు, దెబ్బలు దెబ్బలుగా పోతుంది. ప్రతి దెబ్బ తర్వాత ఒక క్షణం లోపల ఒత్తిడి బయటి కంటే తగ్గుతుంది. అప్పుడు పగులులోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. ఆ గాలిలో ఉన్న ఆక్సిజన్‌ను ఓటూ సెన్సర్ చూసి, ఇంధనం తక్కువైందని కంప్యూటర్‌కు చెబుతుంది. కంప్యూటర్ నమ్మి ఎక్కువ పెట్రోల్ పోస్తుంది. ఫలితం: స్కానర్‌లో పీ0171 లేదా పీ0174, అంటే మిశ్రమం పలచన అన్న కోడ్, ప్లగ్గులు విప్పితే మాత్రం నల్లగా మసిపట్టి ఉంటాయి. కోడ్ ఒకటి చెబుతుంటే ప్లగ్గు ఇంకోటి చెబుతున్న ఈ వైరుధ్యమే మంచి ఆచూకీ. నిజంగా పలచనైన మిశ్రమంలో ప్లగ్గులు తెల్లబడతాయి.

స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చూపే అంకె) కూడా చూడండి. ఐడిలింగ్‌లో ట్రిమ్ బాగా ప్లస్‌లో ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర మామూలుకు వస్తుంటే ఎక్కడో గాలి దూరుతోంది. ఇన్‌టేక్ వైపు వాక్యూమ్ లీకు కూడా ఇదే తీరుగా కనిపిస్తుంది కాబట్టి ముందు అది లేదని తేల్చుకోవాలి. సెన్సర్ మార్చేయడం ఇక్కడ జరిగే అతి సాధారణమైన పొరపాటు. సెన్సర్ అబద్ధం చెప్పడం లేదు, దాని ముందుకొచ్చిన గాలినే చెబుతోంది. ఎక్కువ పెట్రోల్‌తో చాలాకాలం నడిస్తే క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కి పాడవుతుంది. అది మానిఫోల్డ్ కంటే పెద్ద నష్టం.

నాది కార్బురేటర్ బండి, సెన్సర్లేమీ లేవు.

అయితే లీకు వల్ల మైలేజ్ పెద్దగా మారదు. చప్పుడు, వాసన, ఎక్సలేటర్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపటప పేలుళ్లు, ఇవే గుర్తులు. కాలకుండా వచ్చిన పెట్రోల్, లోపలికి దూరిన గాలితో కలిసి అక్కడే అంటుకుని ఆ పేలుళ్లు వస్తాయి.

టర్బో డీజిల్‌లో గుర్తులు వేరుగా ఉంటాయా?

అవును. టర్బో తిరిగేది ఎగ్జాస్ట్ వాయువు బలంతోనే. టర్బోకు ముందే కొంత బయటికి పోతే టర్బో ఆలస్యంగా అందుకుంటుంది, పికప్ చస్తుంది, ఎత్తు మీద నల్లపొగ వస్తుంది. "టర్బో పోయింది" అని కొత్తది వేయించే ముందు మానిఫోల్డ్, టర్బో మధ్య ఫ్లాంజి చూడమనండి. టర్బో బరువంతా మోసేది కూడా మానిఫోల్డే, అందుకే ఆ మెడ దగ్గర పగుళ్లు ఎక్కువ.

డీజిల్‌లో ఇంకో మోసగాడు ఇంజెక్టర్ అడుగున ఉండే రాగి వాషర్. అది లీకయితే చుఫ్ చుఫ్‌మని ఇలాంటి చప్పుడే వస్తుంది. ఇంజెక్టర్ చుట్టూ తారులా గట్టి నల్లటి ముద్ద పేరుకుని ఉంటే లీకు అక్కడిదే.

కారు లోపల పొగ వాసన వస్తోంది. ప్రమాదమా?

ప్రమాదమే. దీన్ని రేపటికి వాయిదా వేయకండి. చాలా కార్లలో లోపలికి గాలి తీసుకునే జాలీ ముందు అద్దం కింద, బానెట్ వెనక అంచున ఉంటుంది. మానిఫోల్డ్ దగ్గర లీకైన వాయువు పైకి లేచి సరిగ్గా అక్కడికే చేరుతుంది. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ దాన్ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మీకు వచ్చే వాసన పొగలోని మిగతా వాటిది. వాసన లేకపోయినా గ్యాస్ ఉండొచ్చు.

ప్రయాణంలో తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, మత్తుగా ఉండడం, కారు దిగి కాసేపు గాలిలో నిలబడితే తగ్గడం, ఇవి ఉంటే నడపడం ఆపేయండి. వెంటనే కారు దిగి బయటి గాలిలోకి రండి. లక్షణాలు గట్టిగా ఉంటే ఆసుపత్రికి వెళ్లి, కారులో పొగ పీల్చామని డాక్టరుకు చెప్పండి. పిల్లలు వెనక సీట్లో నిద్రపోతున్నారని మనం అనుకుంటాం, అది నిద్రో మత్తో బయటినుంచి తెలియదు. ఏసీ రీసర్క్యులేషన్‌లో పెడితే సరిపోతుందన్న మాట నమ్మకండి, పాత బండి రబ్బర్లలోంచి, ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ కారు లోపలికీ మధ్య ఉండే రేకు గోడ) రంధ్రాల్లోంచి వాయువు వస్తూనే ఉంటుంది. ఫోక్స్‌వాగన్ బీటిల్ లాంటి పాత ఎయిర్‌కూల్డ్ కార్లలో హీటర్ గాలి ఎగ్జాస్ట్ చుట్టూ ఉన్న పెట్టెలోంచే వస్తుంది. అక్కడ చిన్న రంధ్రం పడినా గ్యాస్ నేరుగా లోపలికే.

లోపలికి వాసన రావట్లేదు. కొన్నాళ్లు నడపొచ్చా?

చిన్న లీకయితే బండి ఆగిపోదు, నిజమే. కానీ పగులు తనంతట తాను తగ్గదు. లీకయ్యే వాయువు కొలిమి తిత్తిలా ఒకేచోట కొడుతూ ఉంటే అల్యూమినియం హెడ్ ముఖాన్ని కోసుకుంటూ పోతుంది. అప్పుడు గ్యాస్కెట్టుతో పోయేది హెడ్ రిపేరు దాకా వస్తుంది. దగ్గర్లో వైరింగ్, బ్రేకు పైపు, పాతబడిన పెట్రోల్ రబ్బరు పైపు ఏవైనా ఉన్నాయేమో తప్పకుండా చూడండి. పెట్రోల్ పైపు దారిలో లీకు ఉంటే ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు.

నట్లు కాస్త బిగిస్తే సరిపోదా?

ఒక్కోసారి సరిపోతుంది, కొత్తగా వదులైన నట్టయితే. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు టార్క్ రెంచ్ (బిగువు కొలిచే స్పానర్)తో, మాన్యువల్ చెప్పిన కొలతకే చూడండి. 8 మిల్లీమీటర్ల స్టడ్లకు అది చాలా ఇంజన్లలో 20, 25 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, అంటే అనుకున్నంత బిగువేమీ కాదు. పైపు తగిలించి బలంగా లాగితే తుప్పుపట్టిన స్టడ్డు పుటుక్కున తెగుతుంది. కాలిపోయిన గ్యాస్కెట్టు ఎంత బిగించినా మళ్లీ మూసుకోదు.

స్టడ్లు విరగకుండా విప్పడం ఎలా?

ఓపికతో. ముందు రోజు రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి తుప్పు వదిలించే ఆయిలు కొట్టి నానబెట్టండి. ఇంజన్ మీద ఒలికినది తుడిచేయండి, అది మండుతుంది. సరిగ్గా సరిపోయే ఆరు పలకల సాకెట్ వాడండి, పన్నెండు పలకలది తుప్పు నట్టు మూలలను గుండ్రం చేసేస్తుంది. నట్టు కదిలాక ఒకే ఊపులో తిప్పేయకండి. పావు చుట్టు వదులు, కొంచెం బిగువు, మళ్లీ వదులు. కిర్రుమని శబ్దం వస్తోందంటే నట్టు వస్తోంది. చప్పుడు లేకుండా మెత్తగా తిరుగుతోందంటే స్టడ్డు మెలితిరుగుతోంది, అక్కడ ఆగండి. అప్పుడు నట్టును వేడిచేయాలి. చుట్టూ పెట్రోల్ పైపులు ఉంటే ఆ పని అనుభవం ఉన్నవాళ్లకే వదిలేయండి.

విరిగితే? ముక్క బయటికి ఉంటే దాని మీద నట్టు పెట్టి లోపలినుంచి వెల్డ్ చేసి తిప్పడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. వెల్డింగ్ వేడే సగం పని చేస్తుంది. హెడ్ లోపలికి తెగితే సరిగ్గా మధ్యలో పంచ్ కొట్టి, ఎడమ చుట్టు డ్రిల్ బిట్‌తో తొలవాలి. సన్నటి స్క్రూ ఎక్స్‌ట్రాక్టర్‌ను నేను ఇష్టపడను. అది లోపలే విరిగితే గట్టి ఉక్కు కాబట్టి మామూలు డ్రిల్లు దాన్ని కోయలేదు. థ్రెడ్ పోతే స్టీలు థ్రెడ్ ఇన్సర్ట్ వేయించుకోవచ్చు, అల్యూమినియం హెడ్‌లో అది అసలు థ్రెడ్ కంటే గట్టిగానే నిలుస్తుంది.

విప్పిన మానిఫోల్డ్‌ను ఎలా పరీక్షించాలి?

పాత గ్యాస్కెట్టు గీకే ముందు ఒక్క మాట. కొన్ని దశాబ్దాల కిందటి బండ్ల గ్యాస్కెట్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. దుమ్ము లేవకుండా తడిపి, మాస్కు వేసుకుని గీకండి. కరెంటు వైర్ బ్రష్‌తో పొడిగా రుద్దకండి.

తర్వాత మానిఫోల్డ్‌ను తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో మెల్లగా తట్టండి. బాగున్న పోత ఇనుము ఖంగుమంటుంది. పగిలినది పగిలిన కుండలా బొదబొదమంటుంది. ఇది తొలి అంచనాకే. పగులు గీత చూడాలంటే శుభ్రం చేసిన ఇనుముకు కిరోసిన్ పూసి కొంతసేపు వదిలేయండి. పైపైన పొడిగా తుడిచి, మెత్తటి సుద్దపొడి రుద్దండి. పగులులో దాగిన కిరోసిన్ ఊరి సుద్దలో సన్నటి చెమ్మ గీతగా బయటపడుతుంది. వర్క్‌షాపులో ఎర్ర రంగు స్ప్రేతో చేసే డై పెనెట్రాంట్ పరీక్ష సూత్రం కూడా ఇదే, మరింత స్పష్టంగా చూపిస్తుంది.

ఫ్లాంజి ముఖం మీద వంకర లేని స్టీలు బద్ద పెట్టి కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకు) దూర్చి చూడండి. మాన్యువల్ హద్దు దాటి వంగి ఉంటే ఫేసింగ్ (మెషీన్ మీద చదును) చేయించాలి. హెడ్ ముఖాన్ని కూడా ఇలాగే చూడాలి, దాన్ని చాలామంది మర్చిపోతారు. మానిఫోల్డ్ రంధ్రాలు స్టడ్లకు కుదరకపోతే బలవంతంగా ఎక్కించకండి. అది మొదటి జవాబులో చెప్పినట్టు పొట్టిదైపోయింది.

పగులుకు వెల్డింగ్ చేయిస్తే నిలుస్తుందా?

మానిఫోల్డ్ దొరికితే మార్చేయమనే నా సలహా. దొరకని బండ్లకు వెల్డింగ్ తప్పదు, సరిగ్గా చేస్తే నిలుస్తుంది. పగులు రెండు కొసల్లోనూ 3 మిల్లీమీటర్ల రంధ్రం తొలిచి అది ఇంకా పాకకుండా ఆపాలి. పగులును వీ ఆకారంలో తెరవాలి. మానిఫోల్డ్ మొత్తాన్ని వేడిచేసి, నికెల్ రాడ్డుతో అంగుళం మేర చిన్న చిన్న కుట్లు వేస్తూ, ఒక్కో కుట్టును వేడి మీదే సుత్తితో మెల్లగా తట్టాలి. చివర్లో పొడి ఇసుకలోనో బూడిదలోనో కప్పిపెట్టి గంటల తరబడి చల్లారనివ్వాలి. నీళ్లు పోసి చల్లార్చేవాళ్లకు ఈ పని ఇవ్వకండి, కుట్టు పక్కనే కొత్త పగులు వస్తుంది. వెల్డింగ్ వేడికి ఫ్లాంజిలు వంగుతాయి కాబట్టి తర్వాత ఫేసింగ్ తప్పనిసరి.

ఎగ్జాస్ట్ పుట్టీ పూస్తే?

సైలెన్సర్ వైపు పైపుకు కొన్నాళ్లు ఆగుతుంది. మానిఫోల్డ్ మీద ఆగదు. అది ఎండితే పెళుసు, ఇనుముతో పాటు పెరగదు. టర్బో ఉంటే అసలు వాడొద్దు, లోపలికి ఊడిన ముక్క టర్బైన్ రెక్కలకు తగులుతుంది.

ఏ గ్యాస్కెట్టు వేయాలి, ఎలా బిగించాలి?

కంపెనీ ఏ రకం వేసిందో అదే. ఇప్పుడు దొరికేవి ఎక్కువగా పొరల స్టీలువి, లేదా స్టీలు రేకు మీద గ్రాఫైట్ అద్దినవి. ముఖం కొద్దిగా గుంటలు పడి ఉంటే గ్రాఫైట్‌ది ఎక్కువ ఓర్చుకుంటుంది. కొన్ని పాత ఇంజన్లలో కంపెనీ అసలు గ్యాస్కెట్టే వేయలేదు, ఇనుముకు ఇనుము ఆనేలా చేసింది. వాటి ముఖాలు చదునుగా ఉంటే అలాగే ఉంచొచ్చు. మామూలు సిలికాన్ ఇక్కడ పనికిరాదు. ఎర్రటి హై టెంపరేచర్ రకం కూడా 300 డిగ్రీల చుట్టుపక్కలే తట్టుకుంటుంది.

మధ్య నట్టు నుంచి మొదలుపెట్టి రెండు చివర్లకూ వెళ్తూ, రెండు మూడు విడతల్లో బిగించండి. చివర్ల నుంచి మొదలుపెడితే మధ్యలో ఉబ్బు మిగిలిపోతుంది. స్టడ్లూ నట్లూ కొత్తవి వేయండి, వేడికి తట్టుకునే యాంటీసీజ్ (మరలు పట్టేయకుండా రాసే పేస్టు) పల్చగా రాయండి, అయితే మాన్యువల్‌లో ఉన్న టార్క్ పొడి థ్రెడ్‌కా, రాసినదానికా చూసుకోండి. ఊడదీసిన సపోర్ట్ బ్రాకెట్టును తిరిగి పెట్టడం మర్చిపోవద్దు. "ఇది లేకున్నా నడుస్తుంది" అని పక్కన పడేసే ఆ చిన్న ముక్కే ముందు పైపు బరువు మోస్తుంది. అది లేకపోతే కొత్త మానిఫోల్డ్ కూడా పగులుతుంది. అరిగిపోయిన ఇంజన్ మౌంట్లదీ ఇదే కథ.

అన్నీ మార్చాను, ఇంకా చప్పుడు వస్తోంది!

మొదటి స్టార్ట్‌లో కాస్త పొగ, కాలిన వాసన మామూలే, ఆయిలు చేతి మరకలు కాలుతున్నాయి. చప్పుడు మాత్రం రాకూడదు. వస్తే వరసగా ఇవి చూడండి: వదులుగా బిగిసిన స్పార్క్ ప్లగ్గు, ఈజీఆర్ పైపు (కొంత పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపేది), మానిఫోల్డ్ కింద ముందు పైపు గ్యాస్కెట్టు, ఫ్లెక్సిబుల్ పైపు, ఊగుతున్న హీట్ షీల్డ్ రేకు. పాత పైపును మానిఫోల్డ్‌తో పాటు కదిపారు కాబట్టి కింది జాయింట్ లీకవడం చాలా తరచుగా జరుగుతుంది.

గ్యాస్కెట్టు తయారీదారు మళ్లీ బిగించమని చెప్పి ఉంటే, రెండు మూడుసార్లు వేడెక్కి చల్లారాక, పూర్తిగా చల్లటి ఇంజన్ మీద అదే వరసలో టార్క్ చూడండి. వద్దని ఉంటే ముట్టుకోకండి. మర్నాడు పొద్దున రేడియో, ఏసీ ఆపి, అద్దాలు దించి, బానెట్ ఎత్తి స్టార్ట్ చేయమని ఇంట్లో ఎవరికైనా చెప్పి, మీరు రబ్బరు గొట్టంతో ఇంజన్ పక్కన నిలబడండి.